నాలుగో బోల్టు

ఒట్టు వెయ్యమంటే వేస్తాను... కానీ నాకేం అవసరం? నా ఇంట్లో, నేను కూర్చున్న చోట, నా కళ్ళముందు జరిగింది. అరుణా, నువ్వు నవ్వావంటే ఇక్కడితో ఆపేస్తాను. నవ్వనంటేనే చెబుతాను.

నేను తాడేపల్లిగూడెం రైసుమిల్లు ఫిట్టరు కూతుర్ని. అది ముందు తెలియాలి మీ అందరికీ. ఏ మిల్లు ఆగినా మా నాన్నకే కబురొచ్చేది. గోడ బయట నించుని చప్పుడు విని, బేరింగు పోయిందో బెల్టు పోయిందో చెప్పేవారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడే స్పానరు చేతికిచ్చారు. ఒక్కదానికే తిట్టేవారు... విప్పిన బోల్టుల్ని నేను పళ్ళెంలో గుమ్మరించేదాన్ని. ఆయన మాత్రం ఒక్కోదాన్నీ తలకిందులుగా, మర చుట్లు పైకి ఉండేలా, వరసగా నిలబెట్టేవారు. ఆయన పోయి మూడేళ్ళు. అన్నయ్యకి స్కూటరొచ్చింది, నాకు స్పానర్ల సంచి వచ్చింది. నాకే ఎక్కువ ముట్టిందని ఇప్పటికీ అంటాను.

మా అత్తారిల్లు గుండుగొలను. వ్యవసాయం, ఒక చేపల చెరువు. కిందటేడు మా అత్తయ్యగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట ముద్దగా ఒకటీ అరా వస్తుంది. రోజూ మూడు దుప్పట్లు ఉతకాలి. ఉతికీ ఉతికీ నా వేళ్ళ సందుల్లో చర్మం ఊడిపోయింది. పచ్చడి కలుపుకుంటే ప్రాణం పోయేది. అది చూసి మా ఆయన వాషింగ్ మెషిన్ తెచ్చారు. ముందు గుండ్రటి అద్దం తలుపు ఉంటుందే, ఆ రకం.

ఇక మా మావయ్యగారు. బంగారంలాంటి మనిషి. కానీ వర్జ్యం చూడందే పొలంలో మోటారు కూడా వెయ్యరు. మెషిన్ వచ్చిన రోజు పదిన్నర దాటితే వర్జ్యం అన్నారు. బిగించే మెకానిక్కేమో మధ్యాహ్నం గాని రాడు. అందుకని వెనక వసారాలో, అత్తయ్యగారి గది గోడ పక్కన నిలబెట్టి, పసుపు రాసి, చుట్టూ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, స్విచ్చి వేసేశారు. మధ్యాహ్నం మెకానిక్కు ఫోన్ చేస్తే, "చక్కగా తిరుగుతోందండీ, ఈ ఎండలో మీకెందుకండీ శ్రమ," అన్నారు. ఆ మర్యాదే మా కొంప ముంచింది.

ఉతికినంతసేపూ బాగానే ఉండేది. నీళ్ళు పిండే దగ్గరకి వచ్చేసరికి... దడ... దడ... దడదడదడదడ... నేల అదిరిపోయేది. గూట్లో గిన్నెలు కింద పడేవి. జానెడు జానెడు నడిచొచ్చి తలుపుకి అడ్డంగా నిలబడేది. కింద గోనెసంచులు వేశాం. ఇటుకలు పెట్టాం. పైన బియ్యం బస్తా పెడితే బస్తాతో సహా నడిచింది. ఎదురింటావిడ వచ్చి చూసి, "ఇందులో ఏదో ఉందండీ," అనేసి వెళ్ళింది. గోడకవతల అత్తయ్యగారు ఏడ్చేవారు. పాపం, లేవలేరు, పారిపోలేరు.

ఒకరోజు సాయంత్రం ఆ అదురుకి ఆవిడకి ఊపిరందలేదు. మావయ్యగారు మెషిన్ ఆపించేశారు.

"ఇది మనకి అచ్చిరాలేదమ్మా. పొద్దున్నే ఆరింటికి ఆటో వస్తుంది. షాపుకి పంపించేద్దాం."

"ఒక్కసారి నేను చూస్తాను మావయ్యగారూ."

"నువ్వు చూసేదేముందమ్మా, ఆడపిల్లవి."

గట్టిగా అనలేదండీ. మెత్తగానే అన్నారు. మెత్తగా అన్నందుకే నాకు ఇంకా మండింది. నా చేతులు చూసుకున్నాను. రేపటినుంచి మళ్ళీ రోజుకి మూడు దుప్పట్లు. ఫిట్టరు కూతురు ఉన్న ఇంట్లోంచి మెషిన్ ఓడిపోయి వెళ్ళిపోవడమేంటి?

ఆ రాత్రి మా ఆయన చెరువు దగ్గర చేపలు పట్టిస్తున్నారు. మావయ్యగారు ముందు గదిలో గుర్రు పెడుతున్నారు. పదకొండు దాటాక వసారాలోకి వెళ్ళి, పెరటి తలుపు లోపల గడియ వేశాను. గడియ వేశాను... ఇది గుర్తుంచుకోండి.

మెషిన్ ముందు చతికిలబడ్డాను. ఏదైనా అదురుతుంటే మా నాన్న ముందు అడిగే మాట ఒకటుంది... "ఎక్కడ బిగిసిపోయిందో చూడవే." మెషిన్ని గోడ దగ్గర్నుంచి జరిపాను. ఫోన్ టార్చి వేసి వెనక వైపు చూశాను. నాలుగు బోల్టులు. నాలుగింటికీ నాలుగు కుంకుమ బొట్లు. మావయ్యగారు పెట్టినవే.

మెషిన్‌తో వచ్చిన పుస్తకం ఏదని వెతికితే దేవుడి గూట్లో దొరికింది. పసుపు పెట్టారే గాని ఒక్క పేజీ తిప్పలేదు. తిప్పితే మొదటి బొమ్మ అదే. లారీలో వచ్చేటప్పుడు లోపలి డ్రమ్ము ఊగకుండా బిగించిన బోల్టులవి. మెషిన్ వెయ్యకముందే తీసెయ్యాలి. మేం వాటికి పూజ చేసి నాలుగు నెలలు తిప్పాం. డ్రమ్ము ఊగడానికి దారి లేక మెషిన్ మొత్తం ఊగుతోంది.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా నాన్న స్పానరు తీశాను. మొదటిది... కిర్రుమని వచ్చేసింది. రెండోది, మూడోది. మెషిన్ మీద పెట్టుకున్న పళ్ళెంలో పడేశాను. నాలుగోది రాలేదు. మా వైపు చెమ్మ సంగతి మీకు తెలుసు కదా, తుప్పు పట్టేసింది. తల అరిగి స్పానరు జారిపోతోంది. వేళ్ళ సందులు పగిలి రక్తం వచ్చింది. అయినా వదల్లేదు. బోల్టు మీద కొబ్బరినూనె పోసి, నానాలి కదా అని మెషిన్ ముందుకొచ్చి, గోడకి ఆనుకుని కూర్చున్నాను.

అప్పుడు పోయింది కరెంటు.

ఫోన్ చార్జింగు అప్పటికే అయిపోవచ్చింది. టార్చి రెండుసార్లు మిణుక్కుమని ఆరిపోయింది. చీకటి... కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. దూరంగా హైవే మీద ఒక లారీ. అదీ వెళ్ళిపోయింది. ఫ్యాను ఆగాక గోడకవతల అత్తయ్యగారి ఊపిరి కూడా వినపడుతోంది.

స్పానరు నా ఒళ్ళోనే ఉంది. రెండు చేతుల్తో పట్టుకున్నాను. చల్లగా ఉంది.

కిర్...

ఎలుక అనుకున్నాను.

కొంచెం ఆగి... కిర్ర్...

ఎలుక కాదు. ఆ చప్పుడు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. బిగిసిన బోల్టు పావు చుట్టు తిరిగితే వచ్చే చప్పుడది. మెషిన్ వెనకనుంచి వస్తోంది. స్పానరేమో నా చేతిలో ఉంది.

స్పానరుని ఒళ్ళోకి ఇంకా అదుముకున్నాను. మళ్ళీ... కిర్ర్... ఒక చుట్టు. ఆగింది. ఇంకో చుట్టు. తొందర లేదు. పని తెలిసిన చెయ్యి తిప్పుతున్నట్టుంది. తవుడు వాసన వచ్చింది... మిల్లులోంచి ఇంటికొస్తే మా నాన్న చొక్కా దగ్గర వచ్చే వాసన. మా వసారాలో గేదెల తవుడు బస్తా ఉంది, నిజమే. కాదనను. కానీ అంతవరకూ ఆ వాసన నాకు రాలేదు.

తర్వాత మెషిన్ పైన... రేకు మీద... టక్.

అంతే. ఇంకేం లేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

కరెంటొచ్చింది. లేచి చూశాను. పళ్ళెంలో నా మూడు బోల్టులూ అడ్డదిడ్డంగా పడున్నాయి. పక్కనే, రేకు మీద, నాలుగోది. తలకిందులుగా, మర పైకి, నిటారుగా నిలబడి ఉంది. మెషిన్ వెనక్కి వెళ్ళి చూస్తే నాలుగో కన్నం ఖాళీ. పెరటి తలుపు గడియ వేసినట్టే ఉంది.

పారిపోవాలి కదండీ ఎవరైనా? నేను పారిపోలేదు. వంగి ఇటుకలు లాగేశాను. కింద నాలుగు కాళ్ళూ సరిచేసి మట్టం కుదిర్చాను. రెండు తడి దుప్పట్లు వేశాను. గ్లాసు నిండా, అంచుదాకా నీళ్ళు పోసి పైన పెట్టి, పిండే బటన్ నొక్కాను. డ్రమ్ము తిరిగింది... ఇంకా జోరుగా తిరిగింది... గ్లాసులో నీళ్ళు సన్నగా వణికాయి గాని చుక్క తొణకలేదు. అంత భయంలోనూ నా గుండె పొంగిపోయింది. దాచుకోను, గర్వమే.

పొద్దున్న ఆరింటికి ఆటో వచ్చింది. మావయ్యగారి ముందు మళ్ళీ వేసి చూపించాను. ఆయన మెషిన్ మీద అరచెయ్యి ఆనించి, అది ఆగేదాకా తీయలేదు. తర్వాత గదిలోకి తొంగి చూశారు. అత్తయ్యగారు కదలకుండా నిద్రపోతున్నారు. ఆటో అతన్ని వెనక్కి పంపుతూ, "మా కోడలు బాగుచేసిందండీ. నాలుగు బోల్టులూ తనే తీసింది," అన్నారు. ఆ గొంతు వినాలి మీరు. ఆ రోజునుంచి ఊళ్ళో ఎవరింట్లో మెషిన్ అదిరినా నాకే కబురొస్తుంది.

ఆ మధ్యాహ్నం అత్తయ్యగారికి అన్నం పెడుతుంటే, ఆవిడ వసారా వైపు చూసి, ఎడమచేత్తో రెండు వేళ్ళు చూపించారు. "రాత్రి... ఇద్దరూ..." అన్నారు. ఎవరు అత్తయ్యగారూ అంటే నా వంక చూసి నోరు తెరిచారు, ముద్ద పెట్టమని. మళ్ళీ ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. మాట ముద్ద కదా, రెండు దుప్పట్లు అన్నారేమో. ఏమో.

నూనెకి నాని ఊడి ఉంటుందంటావా అరుణా? ఊడితే కింద పడాలి. చీకట్లో నేనే తీసి మర్చిపోయానంటావా? నేనైతే పళ్ళెంలో పడేస్తాను. మా నాన్నేనంటావా... నిజంగా ఆయనే అయితే నాకు కోపం. ఇంకో పది నిమిషాలు నాననిస్తే నేనే తీసేదాన్ని కదా. నా పనిలో చెయ్యెందుకు పెట్టాలి? ఆయన కాకపోతే... అది నేను ఆలోచించను.

ఆ బోల్టు ఇప్పటికీ గూట్లో అలాగే నిలబెట్టి ఉంది. తుడుస్తాను గాని పడుకోబెట్టను. ఎవరొచ్చినా గ్లాసు నిండా నీళ్ళు పోసి మెషిన్ వేసి చూపిస్తాను. నేను తీసిన బోల్టులు చూపించమంటే మాత్రం... మూడే చూపిస్తాను.