సీలింగ్ దాటని సార్

కార్తీకమాసం, రెండో ఆదివారం. తెల్లవారుతూనే మా అన్న నన్ను తట్టిలేపి "సార్ పోయినాడంట" అన్నాడు. నిద్రమత్తులో నన్ను ముందు తాకింది చావు వార్త కాదు. ఆ "సార్" అనే మాట. ఏడాదికి పైగా మా అన్న నోట ఆ మాట రాలేదు. ఇంట్లో ఎవరైనా ఎత్తితే లేచి బయటికి పోయేవాడు.

సార్ ఆదోనిలో మా వీధి చివరింట్లో ఉండేవారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక మా ఊరి ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరయ్యారు. మా వైపు ఇట్లాంటి లీగు ఒకటుందని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, నందవరం జట్లు చలికాలమంతా ఆడతాయి. ఆటగాళ్ళకు జీతాలుంటాయి. డబ్బున్న జట్టే మంచివాళ్ళనందరినీ ఎత్తుకుపోకుండా ఒక నియమం పెట్టారు. జట్టులో అందరికీ కలిపి ఇచ్చే జీతం ఒక హద్దు దాటకూడదు. ఆ హద్దు అన్ని జట్లకూ ఒకటే. కాగితాల మీద దాని పేరు వేతన పరిమితి. జనం మాత్రం సీలింగ్ అంటారు, ఒకప్పుడు భూములకు పెట్టిన సీలింగ్ లాగా.

నా చేతిరాత బాగుంటుందని సార్ జట్టు కాగితాలు నాతో రాయించేవారు. అందుకని ఆయన జట్టును ఎట్లా కూర్చేవారో దగ్గర్నుంచి చూశాను. ఒక స్టీలు గ్లాసు నిండా శనక్కాయ గింజలు పోసి, పైన అరచేత్తో చదును చేసేవారు.

"మనకుండేది ఈ గ్లాసుడే పాపా. ఇంగ సూడు."

గింజల్ని చాప మీద పోసి కుప్పలు పెట్టేవారు. గోల్ వేసేవాడికి పెద్ద కుప్ప. గోల్‌కీపర్‌కు అంతకంటే కొంచెం చిన్నది. వెనక ఆడేవాళ్ళలో చివరివాడి దగ్గరికి వచ్చేసరికి చాప మీద పొట్టు మిగిలేది.

"పొట్టేస్తే వాడు ఆడతాడా సార్?"

"ఆడతాడు, కొన్నాళ్ళు. ఆమీట నందవరమోళ్ళు పిలిస్తే పోతాడు. తప్పు వానిది కాదు."

పెద్ద కుప్పలోంచి నాలుగు గింజలు తీసి అటు వేసేవారు. మళ్ళీ ఇటు వేసేవారు. వయసు మళ్ళుతున్నవాణ్ణి ఇంకో ఏడాది ఉంచాలా, వాడి బదులు ఆలూరు పిల్లవాణ్ణి తక్కువకు తెచ్చి నేర్పుకోవాలా, ఒక్కడి కోసం ఇద్దరిని వదులుకోవాలా. సాయంత్రమంతా అదే పని. చివరికి విసుగుపుట్టి ఒక గింజ నోట్లో వేసుకుని "ఇది మేనేజర్ జీతం" అనేవారు. గోల్ వేసినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది, ఆపినవాడి పేరు కనీసం మనమన్నా చెప్పాలి అని కూడా అనేవారు.

ఆ పెద్ద కుప్ప మా అన్నది. అప్పటికి మా జట్టులో గోల్ కొట్టాలంటే వాడే. ఒక ఏడు ఎమ్మిగనూరు జట్టు వాణ్ణి పిలిచింది. ఆ జట్టును నడిపేది ఒక పత్తి జిన్నింగ్ మిల్లు యజమాని. వాళ్ళిస్తామన్నంత ఇవ్వాలంటే సార్ మిగతా జట్టులో సగంమందిని పంపించెయ్యాలి. ఈ సంగతి తెలిసి, మా జట్టుకు ఖర్చు పెట్టే నూనె మిల్లు సేఠ్ సార్ ఇంటికి వచ్చినాడు. నేనూ అన్నా అక్కడే ఉన్నాం.

"వాళ్ళు తెలివైనోళ్ళు సార్. జట్టులో కొంచెం జీతం రాస్తారు. మిల్లులో వాచ్‌మన్ అని రాసి మిగతాది ఇస్తారు. సీలింగ్‌కు సీలింగూ ఉంటుంది, జీతానికి జీతమూ వస్తుంది. మనమూ ఈ పిల్లోని పేరు నా మిల్లులో రాస్తే ఏం పోతాది?"

సార్ గింజలు గ్లాసులోకి ఎత్తుతూ చెప్పారు. "మా నాయన పెద్దకడుబూరు కాడ ఒక ఆసామి దగ్గర జీతగాడప్పా. భూములకు సీలింగ్ వచ్చినప్పుడు ఆసామి పదెకరాలు మా నాయన పేరు మింద రాయించినాడు. కాగితంలో రైతు. సచ్చేదాకా ఆ పదెకరాల్లోనే కూలికి పోయినాడు. నేను ఈ పిల్లోని పేరు అట్ల రాయను."

సేఠ్ నవ్వి లేచిపోయినాడు. మా అన్న నవ్వలేదు.

"నా మోకాళ్ళు ఎన్నేండ్లుంటాయి సార్? మీ నాయన కథ నాకు అన్నం పెడ్తాదా?"

"పెట్టదు రా. పో. కానీ ఆడ నిన్నేమని రాస్తారో సూసుకో."

అన్న ఎమ్మిగనూరు జట్టుకు పోయినాడు. ఆ ఏడు మా జట్టు ఓడుతూనే ఉంది. గట్టు మీద కూర్చున్నవాళ్ళు "సార్, ఆ సీలింగ్‌నే దించు, గోల్ కొడ్తాది" అని అరిచేవాళ్ళు. సార్ వినపడనట్టు గీత పక్కన నిలబడేవారు. నాకు వాళ్ళ మీద ఉన్న కోపం ఇప్పటికీ తగ్గలేదు.

మరుసటి ఏడు ఆలూరు జట్టుతో ఆడుతూ అన్న మోకాలు మెలితిరిగింది. ఆపరేషన్ కావాలన్నారు. లీగు నియమం ప్రకారం రాసిన జీతాన్ని బట్టి జట్టు వైద్యం చేయించాలి. వాడికి రాసింది కొంచెమే కాబట్టి వైద్యమూ అంతే. మిగతాది ఇప్పించమని మిల్లుకు పోతే "వాచ్‌మన్ బంతాట ఆడి కాలు ఇరగ్గొట్టుకుంటే మాకేం సంబంధం?" అన్నారు.

వాడి తరఫున ఫిర్యాదు చేసింది సార్ ఒక్కరే. వీడు ఏ రోజూ వాచ్‌మన్ పని చేయలేదని, ఇదంతా సీలింగ్ ఎగ్గొట్టే మోసమని లీగు కమిటీకి చెప్పారు. కమిటీ మా అన్నను పిలిచింది. ముందురోజే మిల్లు నుంచి కబురొచ్చింది. నిజంగానే వాచ్‌మన్‌గా చేశానని సంతకం పెడితే ఆపరేషన్ ఖర్చు వాళ్ళదేనని. అన్న సంతకం పెట్టినాడు. సార్ ఎదురుగానే కూర్చుని చూశారు. కమిటీ సార్‌ను అబద్ధాలకోరని తేల్చి మేనేజర్ పనిలోంచి తీసేసింది. ఆ తర్వాత అన్న ఆపరేషన్ గురించి అడగడానికి ఎమ్మిగనూరు పోతే, మిల్లు గేటు దగ్గర అసలు వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు.

సార్ మాకు ముఖం చాటేయలేదు. రోజూ పొద్దున మా ఇంటి ముందు నుంచే గ్రౌండుకు పోయేవారు. పనేమీ లేకున్నా పోయేవారు. నేను కనపడితే ఆగి "వాడు మోకాలు మడుస్తాండాడా?" అని అడిగేవారు. లోపల అన్న వింటాడని ఇద్దరికీ తెలుసు. గొంతు తగ్గించేవారు కాదు. నేను "లేదు సార్" అనేదాన్ని. ఆయన తలూపి పోయేవారు. నిందించి ఉంటే మాకు సులువయ్యేది.

అంత్యక్రియలకు వచ్చిన దండల్లో అన్నిటికంటే పెద్దది ఆ జిన్నింగ్ మిల్లు యజమానిది. రేపటికి వారమవుతుంది, ఎమ్మిగనూరు గ్రౌండులో మ్యాచ్‌కు ముందు లీగు కమిటీవాళ్ళు సంతాప సభ పెడుతున్నారు. "నిజాయితీకి మారుపేరు" అని బ్యానర్ కూడా వేయించారట. అబద్ధాలకోరని రాసిన చేతులే ఆ బ్యానర్ కడతాయి. నాకు ఈ మధ్య మాటలంటే చాలా ఇష్టం పుట్టింది. మాటల్ని ఇట్లా కూడా వాడతారని తెలిశాక కొంచెం అసహ్యం కూడా వేస్తోంది.

మా అన్న ఆ సభలో మాట్లాడతానని అడిగినాడు. పొగుడుతాడనుకుని సరేనన్నారు. ఈ సాయంత్రం నన్ను రాసివ్వమంటే, చిరస్మరణీయులు, మార్గదర్శి అంటూ పేజీ నింపి ఇచ్చాను. అన్న చదివి వెనక్కిచ్చినాడు.

"ఇదంతా యాల మే? నేను వాచ్‌మన్‌ను కాదు, సార్ సెప్పిందే నిజం. అంతే రాయి."

"అంతే అయితే రాసేదెందుకు? సెప్పేయొచ్చు గదా."

"వాళ్ళందరి ముందర నాకు నోరు రాదు. కాగితం సూసి సదువుతా."

వంటింట్లోంచి మా అమ్మ అంది. "ఆయన పోయినాక ఇప్పుడు సెప్తే ఏం లాభంరా?"

"ఏం లాభం లేదుమా" అన్నాడు అన్న, చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ.

రాసిచ్చాను. రెండు వరుసలు కూడా రాలేదు. రేపు పొద్దున మొదటి బస్సుకే పోతాం. అన్న మోకాలు మడవదు కాబట్టి కాలు చాపుకోవడానికి డ్రైవర్ వెనక సీటు కావాలి. అది దొరకాలంటే బస్టాండుకు అందరికంటే ముందే పోయి నిలబడాలి.