మేడం ఒప్పుకోని పేరు

మా పీఈటీ మేడం పోయారు. పోయిన సోమవారం పొద్దున్న కాలేజీకి బయల్దేరుతుంటే, స్కూల్లో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి "మేడం ఇంక లేరే" అని ఒక్క ముక్క చెప్పి ఏడ్చేసింది. కొంతకాలంగా గుండె జబ్బుతో ఉన్నారని తెలుసు. అయినా ఆవిడ ఉన్నారన్న ధైర్యానికి ఎంత అలవాటు పడిపోయామో ఫోన్ పెట్టేశాకే తెలిసింది.

విశాఖ ఉక్కునగరంలో పెరిగిన మా తరం ఆడపిల్లలకి ఆవిడ ఫుట్‌బాల్ నేర్పారు. చీర కొంగు నడుముకి బిగించి, కాన్వాస్ షూలు వేసుకుని, విజిల్ ఊదుతూ మాతోపాటు పరుగెత్తేవారు. ఆట అయ్యాక బత్తాయిలు వలిచి పంచేవారు, ఎప్పుడూ ఓడినవాళ్ళకే ముందు. ఆవిడది శ్రీకాకుళం వైపు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మాకు ఆవిడ మాట వింటే మొదట్లో నవ్వొచ్చేది. ఏడాది తిరక్కుండానే మేమూ ఇంట్లో "ఏటి, ఏటి" అంటూ అమ్మల చేత తిట్లు తిన్నాం.

అప్పట్లో సాయంత్రమైతే గ్రౌండ్ అంతా మగపిల్లల క్రికెట్‌దే. మేం గోడవార నిలబడి చూసేవాళ్ళం. ఒకరోజు మేడం బకెట్టుతో ముగ్గు తెచ్చి, గ్రౌండ్ మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరికి గీత గీసేశారు. ఇటు మీది, అటు వాళ్ళది అన్నారు. మర్నాడు షిఫ్ట్ దిగి యూనిఫాంలోనే వచ్చాడు ఒక తండ్రి.

"అమ్మాయిలకి ఇంత గ్రౌండ్ ఎందుకు మేడం?"

"మీ అబ్బాయికెందుకు బాబూ?"

"వాడు ఆడుకోవాలి కదా."

"మీ అమ్మాయీ ఆడుకోవాల. అదిగో, గోల్ కాడుంది సూడండి."

ఆయన తల తిప్పి చూశాడు. కూతురు ట్యూషన్‌లో ఉందనుకుంటున్నాడు పాపం. ఆ పిల్ల తండ్రిని చూసి బిగుసుకుపోయింది గానీ, బంతి వచ్చేసరికి అలవాటుగా దూకి పట్టేసుకుంది. ఆయన ఆట అయ్యేదాకా అక్కడే నిలబడి, పిల్లని స్కూటర్ ఎక్కించుకుని వెళ్ళాడు. ఆ పిల్ల మర్నాడు కూడా వచ్చింది.

చాలా ఏళ్ళ తర్వాత నేను మధురవాడలో లెక్చరర్‌నయ్యాను. కొంతమంది ఆడవాళ్ళం కలిసి ఒక బృందం పెట్టుకున్నాం. స్త్రీవాదులమని పైకే చెప్పుకుంటాం. మా సభకి మేడంని పిలిచాను. పరిచయం చేసినావిడ "మనందరికంటే ముందే పుట్టిన ఫెమినిస్టు" అనగానే మేడం మైకు అందుకున్నారు.

"అమ్మా, నాను ఫెమినిస్టుని కాను. ఆడకీ మగకీ సమానంగా ఉండాలంటాను, అంతే. ఆ ముక్కకి మళ్ళీ పేరెందుకు?"

సభ అయ్యాక తిరిగి దిగబెట్టడానికి వెళ్తూ కారులో అడిగాను. "జీవితమంతా మీరు చేసింది అదే కదా మేడం. ఆ పేరంటే ఎందుకంత కోపం?"

"కోపం కాదే. ఆ పేరు సెప్పుకుని ఎల్తే తండ్రులు నన్ను గుమ్మంలోనే ఆపేత్తారు. నాకు పిల్ల గ్రౌండ్‌లోకి రావాల. పేరుతో నాకేటి పని?"

"మరి మీరు రిటైరయ్యాక ఆ గీత ఎవరు గీస్తారు?"

 మేడం తన ఇంటి మలుపు వచ్చిందని చెయ్యి చూపించారు.

నేను భయపడినట్టే అయింది. ఆవిడ రిటైరైన కొన్నాళ్ళకి గ్రౌండ్ మళ్ళీ మొత్తం క్రికెట్‌దైపోయింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఆపలేదు. అమ్మాయిలు మెల్లగా గోడవారకి వెళ్ళిపోయారు. మేడం ఒక్కరే వెళ్ళి కాలనీ పెద్దలతో మాట్లాడారు. కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, "చాలా కష్టపడ్డారు, ఇక రెస్ట్ తీసుకోండి మేడం" అని పంపించేశారు.

ఆ సాయంత్రమే నాకు ఫోన్. "ఏటే, మీ ఫెమినిస్టులు ఎంతమందున్నారు?"

"ఎందుకు మేడం?"

"ఆదివారం గ్రౌండ్‌కి అట్టుకురా. సీరలొద్దు, షూలేసుకు రమ్మను."

వెళ్ళాం. లెక్చరర్లు, ఒక డాక్టరు, బ్యాంకు ఉద్యోగి, పాత టౌనులో బట్టల కొట్టు నడిపే ఒకావిడ. సగానికి సగం మంది బంతి తన్ని ఎరగం. క్రికెట్ ఆడుతున్న కుర్రాళ్ళు ముందు నవ్వారు, తర్వాత జరిగారు. గోడవారనున్న అమ్మాయిలు ఒక్కొక్కరే వచ్చి కలిశారు. నాలుగు ఆదివారాలు అలాగే వెళ్ళాం. తర్వాత అందరం కలిసి పెద్దల ముందు కూర్చున్నాం. సాయంత్రాలు సగం గ్రౌండ్ అమ్మాయిలదని, టీచరు ఎవరున్నా లేకపోయినా అది మారదని తీర్మానం అయ్యేదాకా లేవలేదు.

బయటికొచ్చి "ఇప్పుడైనా ఒప్పుకుంటారా మేడం?" అన్నాను.

"నాను ఒప్పుకోను" అన్నారు. రెండడుగులు వేసి ఆగి, నా భుజం పట్టుకున్నారు. "నువ్వు మాత్రం ఆ పేరొదిలేవో, సంపుతాను."

అందరూ సమానమేనని నమ్మేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. వాళ్ళు మంచివాళ్ళు, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు సుఖంగా పెరుగుతారు. ఆ నమ్మకం పక్కవాళ్ళ పిల్ల దాకా, రేపటి పిల్ల దాకా వెళ్ళాలంటే నలుగురు కలవాలి. కలిసినవాళ్ళకి ఒక పేరు ఉంటేనే మర్నాడు ఒకర్నొకరు వెతుక్కోగలరు. నేను ఆ పేరు పెట్టుకున్నది అందుకే. మేడం పెట్టుకోలేదు. అయినా నా దృష్టిలో ఆవిడ ఏమాత్రం తక్కువ కాలేదు.

కూర్మన్నపాలెంలో ఆవిడ ఇంటిముందు శ్మశానానికి వెళ్ళే వ్యాన్ సిద్ధమయ్యాక, ఆడవాళ్ళు గేటు దాకా వస్తే చాలని ఒక పెద్దాయన అన్నాడు. మేడం చెల్లెలు ఆయనకేసి చూసి, "అక్క పిల్లలు బావా. రానీ" అంది. వ్యాన్ కదిలింది. దాని వెనకే స్కూటీలు స్టార్టయ్యాయి. నలభైలు దాటినవాళ్ళు, కాలేజీ పిల్లలు, తలమీద చున్నీ కప్పుకున్నవాళ్ళు.  ఎర్రటి ఎండలో హైవే ఎక్కి, ఎడమవైపు లైనులో ఒకదాని వెనక ఒకటిగా వెళ్తున్నాయి. వెనకొచ్చే లారీలు హారన్ కొట్టకుండా నెమ్మదించాయి.