దారి తప్పిన క్యాసెట్టు

మొన్న పొద్దున చాయ తాగుతుంటే మా వదిన దగ్గర నుంచి ఫోనులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. కళ్ళజోడు వెతుక్కుని, దాన్ని వినడానికి ఎక్కడ నొక్కాలో చూసుకునేలోపే అది మాయమై, సందేశం తొలగించారన్న ముక్క ఒకటి మిగిలింది. అన్నకు ఏమైనా అయిందేమోనని వెంటనే ఫోను చేస్తే, వదిన తాపీగా, "నీకు గాదు పిల్లా, మీ అన్నకు పెట్టబోయి నీకు పెట్టిన. తుడిచేసిన తియ్యి" అంది. అంతే, ఎంత సులువుగా అనేసింది! ఆ మాట విన్నప్పటి నుంచి నాకు పని మీద మనసు నిలవడం లేదు. ఎందుకంటే ఒకప్పుడు ఇదే వదిన మాట, ఇదే అన్నకు చేరవలసింది, నా చేతుల మీదుగానే దారి తప్పింది. దాన్ని తుడవడానికి అప్పుడు ఏ మీటా లేదు.

ఎనభైల చివరి మాట. నేను బీఎస్సీ పూర్తిచేసి నల్లగొండలో ఒక చిన్న ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. అన్న గల్ఫ్‌లో లారీల మెకానిక్. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో అటు పోయినవాళ్ళకు ఉత్తరాలకన్నా క్యాసెట్లే ఎక్కువ పోయేవి. టేప్‌రికార్డరు నట్టింట పెట్టి, ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని, వంతులవారీగా మాట్లాడేవాళ్ళం. బర్రె ఈనిన సంగతి మొదలుకొని బాపు మోకాళ్ళ నొప్పుల దాకా అన్నీ అందులోకి ఎక్కేవి. మధ్యలో కోడి కూసినా అది కూడా సముద్రం దాటాల్సిందే.

ఆ అన్న ఒకసారి మా వీధి చివరి దర్జీ చాచా కొడుకు చేత ఒక డబ్బా పంపాడు. చాచా కొడుకు అన్నతోపాటు ఒకే క్యాంపులో పనిచేసేవాడు. డబ్బా విప్పితే టైపు మిషను లాంటిది ఒకటి బయటపడింది. క్యాంపు ఆఫీసులో ఎవరో దేశం వెళ్ళిపోతూ అమ్మేస్తే, లెక్కలు చదివిన చెల్లెలికి పనికొస్తుందని కొన్నాడట. కంప్యూటరంతా ఆ మీటల పలకలోనే ఉంది. దాన్ని మా నలుపు తెలుపు టీవీకి తగిలించాలి, పక్కన టేప్‌రికార్డరు పెట్టాలి. మనం రాసిన ప్రోగ్రాము క్యాసెట్టులోకి కీచుమనే శబ్దంగా ఎక్కుతుంది, మళ్ళీ కావలసినప్పుడు ఆ శబ్దాన్నే వినిపిస్తే ఐదారు నిమిషాల్లో మిషనుకు అంతా గుర్తుకొస్తుంది. మొదటిసారి ఆ కీచు విని మా అమ్మ వంటింట్లోంచి అట్లకాడతో పరుగెత్తుకొచ్చింది. "గిదేం కూతనే! పిల్లి నలిగిందా ఏంది?" అని తిట్టింది కూడా.

ఇక నాకు తిండి లేదు, నిద్ర లేదు. టీవీ బొమ్మ నిలవకపోతే మరలు తిప్పేదాన్ని. క్యాసెట్టు సరిగ్గా చదవకపోతే టేప్‌రికార్డరు హెడ్డు పక్కనున్న చిన్న మరను వెంట్రుకవాసి జరిపేదాన్ని. ఊడిన తీగలకు మాటు పెట్టబోయి వేళ్ళు కాల్చుకునేదాన్ని. ఎనిమిది సాయంత్రాలు కూర్చుని, తెర మీద చుక్కలు పెట్టి వాటి చుట్టూ తనంతట తానే మెలికలు తిప్పే ముగ్గుల ప్రోగ్రాము ఒకటి రాసుకున్నాను. చీపురు పట్టని పిల్ల టీవీలో ముగ్గు వేస్తోందని వాడకట్టంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు.

వదిన మాత్రం దూరంగా నిలబడి చూసేది. ఆమెది మర్రిగూడ. అక్కడి ఫ్లోరైడు నీళ్ళకు పళ్ళన్నీ గార పట్టి ఉండేవి కనుక, నవ్వొస్తే చెయ్యో కొంగో నోటికి అడ్డం పెట్టుకునేది. పెళ్ళైన ఆరు నెలలకే అన్న గల్ఫ్‌కు తిరిగి వెళ్ళాడు. వదినకు రాయడం రాదు. అన్న ఉత్తరాలు బాపు పేరున వచ్చేవి, నట్టింట అందరి ముందూ నేనే చదివేదాన్ని. ఇక మొగుడూ పెళ్ళాల ముచ్చటకు చోటెక్కడిది? అప్పట్లో మాకెవరికీ ఆ ఆలోచనే రాలేదు, తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

అట్లాంటి సమయంలో అన్న క్యాసెట్టు వచ్చింది. కంపెనీవాళ్ళు ఇంకో రెండేళ్ళకు సంతకం పెట్టమంటున్నారు, ఇంట్లో ఏమంటారో చెప్పండి, మీలో ఏ ఒక్కరు సంతకం వద్దన్నా వచ్చేస్త అన్నాడు. ఇంటి స్లాబు పడేదాకా ఉండమని బాపు అన్నాడు, అమ్మ తలూపింది. వదిన వంతు వచ్చేసరికి మంచిగున్నమని ఒక్క ముక్క చెప్పి లేచిపోయింది. మర్నాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నా దగ్గరికొచ్చి టేప్‌రికార్డరు అడిగింది. తలుపేసుకుని అరగంట మాట్లాడి, క్యాసెట్టు నా చేతిలో పెట్టి, "అత్తమ్మకు తెల్వద్దు. నువ్వు గూడ ఇనొద్దు, ఇంటే నా మీదొట్టు" అంది. పేరు రాయొద్దని కూడా చెప్పింది.

దాని మీద ఎవరూ మళ్ళీ రికార్డు చేయకుండా వెనకవైపు చిన్న ప్లాస్టిక్ రెక్కలు విరిచేశాను. అదే ఊపులో నా ముగ్గుల క్యాసెట్టుకు కూడా విరిచేశాను. రెండూ అన్న పంపినవే, ఒకే రకం నల్లవి, రెంటికీ పేరు లేదు. నాది నాకు తెలియదా అన్న పొగరు నాది! ఒకటి తీసి సకినాల డబ్బా మూత కింద దాచి, డబ్బాను దర్జీ చాచా దగ్గరికి తీసుకుపోతే ఆయన ఎప్పటిలాగే తెల్లగుడ్డ చుట్టి నాలుగు వైపులా కుట్టేశాడు. ఆ కుట్టు పడ్డాక ఇక అది అన్న విప్పాల్సిందే. వారం తిరక్కుండా వోల్టేజీ ఎక్కువై నా కంప్యూటరు పొగ చిమ్మి చచ్చిపోయింది. నా క్యాసెట్టు అనుకున్నదాన్ని దానితోపాటే బీరువా కింద తోసేశాను.

నెలన్నరకు ఉత్తరం వచ్చింది. బియ్యంలో రాళ్ళేరుతున్న వదిన ఎదుట నేనే చదివాను. "పార్సెల్ల పెట్టినయన్నీ ముట్టినయ్. రెండేండ్లకు సంతకం బెట్టిన" అని ఉంది. వదిన చెయ్యి చేటలో ఆగిపోయింది. ఆ తరువాత ఇంట్లో ఎన్ని క్యాసెట్లు నింపినా ఆమె గొంతు మాత్రం విప్పలేదు. మొండి మనిషని నేను వేళాకోళం కూడా చేశాను, నా నోట్లో మన్నుపడ!

ఊళ్ళో రేడియోలు బాగుచేసేవాళ్ళంతా చేతులెత్తేస్తే, దాదాపు రెండేళ్ళకు నేనే ధైర్యం చేసి మిషను విప్పాను. కరెంటును అదుపుచేసే మూడు కాళ్ళ ముక్క ఒకటి మాడిపోయి ఉంది. హైదరాబాదు పోయే తోటి పంతులమ్మ చేత కోఠి నుంచి తెప్పించి వేస్తే టీవీ మీద గీతలు కదిలాయి. సంతోషం పట్టలేక బీరువా కిందున్న క్యాసెట్టు తీసి పెట్టాను. మిషను ఎంతసేపటికీ పలకదు. హెడ్డు మర జరిపాను, తీగ మార్చాను, లాభం లేదు. శబ్దమైనా వస్తోందా చూద్దామని టేప్‌రికార్డరు నుంచి తీగ పీకేశాను.

"రెండేండ్లు గాదు, నాతోని రెండు నెల్లు గూడ గాదయ్యా. సంతకం పెట్టకు. స్లాబు లేకుంటె మాయె, రేకుల కిందుందం, నువ్వొచ్చెయ్..."

ఆపడానికి ఏ మీట నొక్కాలో కూడా తోచలేదు. వదిన గొంతు ఇక్కడుంటే మరి అన్న దగ్గరికి పోయినదేమిటి? నా ముగ్గు! పార్సెల్లో నా ముగ్గు పోయింది. చెప్పకుండా ఉండిపోదామని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు. సాయంత్రం బావి దగ్గర బట్టలు పిండుతున్న వదిన ముందు నిలబడి ఏడుస్తూ అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె పిండుతున్న చీర వదిలేసి నా మొహం వైపు చూసి, "అయితే ఆయన ఇననే లేదా?" అంది. ఇంకోసారి అడిగింది. లేదు వదినా అన్నాను. అంతే, పకపకా నవ్వింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచిపోయింది. విని కూడా సంతకం పెట్టాడని ఆమె రెండేళ్ళు లోలోపల కుమిలిపోయిందని నాకు అప్పుడు తెలిసింది. నా తప్పు ఆమెకు వరంలా తోచింది.

నెల తిరగక ముందే అన్న వచ్చాడు. నేను నోరు విప్పేలోపే, రెండో రోజు ఆయనే నా దగ్గరికొచ్చి, జేబులోంచి ఆ క్యాసెట్టు తీశాడు. దాని మీది నలుపు అరిగి తెల్లబడింది. "మీ వదిన మూత కింద దాచి పంపింది, దారిల ఎండకు కరాబైనట్టున్నది. ఉత్తరంల అడుగుదమంటె అందరి ముందట సదువుతరాయె. సంతకానికి గడువైపాయె. నీకు మిషిన్ల పని తెలుసు గద, జర బాగుచెయ్. ఒక్క జాగల రా అన్నట్టు ఇనిపిస్తది" అన్నాడు. డ్యూటీ దిగి వచ్చి, స్పీకరుకు చెవి ఆనించి, రెండేళ్ళు నా ముగ్గుల కీచు శబ్దంలో వదిన గొంతు వెతికాడట. జరిగింది చెప్పి అసలు క్యాసెట్టు చేతిలో పెడితే, టేప్‌రికార్డరు చంకన పెట్టుకుని లోపలికి పోయి, వదినను పిలిచి తలుపేసుకున్నాడు. మళ్ళీ గల్ఫ్ మాట ఎత్తలేదు. నార్కట్‌పల్లిలో రోడ్డు మీద లారీల షెడ్డు పెట్టుకున్నాడు. ఆ ముగ్గుల క్యాసెట్టును నేను చాలాసార్లు ఎక్కించి చూశాను. వినివిని అరిగిపోయి, మిషనుకు ఒక్క చుక్క కూడా గుర్తుకురాలేదు.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. వదిన వంటింట్లోంచి షెడ్డుకు మెసేజ్‌లు పెడుతూనే ఉంది. అన్నానికి రమ్మని, నూనె తెమ్మని, ఊరికే ఏదో ఒకటి. ఇప్పుడు మాట దారి తప్పదు, తప్పినా తుడిచేయవచ్చు, ఎవరి మాటను ఎవరూ నట్టింట చదవరు. మంచిదే, కాదని నేనెందుకంటాను. షెడ్డులో అన్న పక్కన కూర్చుంటే ఫోను టింగుమంది, ఆయన వేలితో మెసేజ్ నొక్కాడు. వదిన గొంతు పిచ్చుక కిచకిచలా గబగబా వచ్చి ఆగిపోయింది. ఇదేంటి అన్నా అని ఉలిక్కిపడ్డాను. ఆయన స్పానరు మీంచి తల కూడా ఎత్తకుండా, "మీ వదిన శాన మాట్లాడుతది, గందుకే స్పీడు బెంచి ఇంట" అన్నాడు.