ఏడో భాగంలో చావని పొరుగామె

మా మేనత్త పోయిందని పోయిన మంగళవారం పొద్దున మా బావ ఫోన్ చేశాడు. నేనప్పుడు మంగళగిరిలో ఒక సభకు తయారవుతున్నాను. మూఢనమ్మకాల మీద మాట్లాడాలి. "అమ్మ పోయిందే" అన్నాడు. "టీ తాగి గ్లాసు కింద పెట్టింది. మళ్ళీ తల ఎత్తలేదు." సభవాళ్ళకు రాలేనని చెప్పి గుంటూరు బస్సెక్కాను. దారి పొడుగునా కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలే. వాటిని చూస్తుంటే ఆమె దగ్గు వినపడింది.

ఈ పేజీ చదివేవాళ్ళకు నా సంగతి తెలుసు. నెలకొకసారి ఎవరో ఒకరి మీద విరుచుకుపడటం నా పని. ఈ నెల ఎవరినీ తిట్టకుండా రాద్దామని కూర్చున్నాను. మాట ఇవ్వలేను గానీ ప్రయత్నిస్తాను.

మా మేనత్త మిరపకాయల తొడిమలు తీసే కూలీ. కోల్డ్ స్టోరేజీ పక్కన రేకుల షెడ్డులో, మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా, ముప్పై నలభైమంది ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని కాయ కాయకూ తొడిమ తుంచుతారు. ఊరి బడిలో గుమ్మం అవతల కూర్చోబెట్టినా పట్టుబట్టి అయిదో తరగతి దాకా చదివింది ఆ షెడ్డులో ఆమె ఒక్కతే. అందుకని ఆమె చదివేది, మిగిలినవాళ్ళు వినేవాళ్ళు. చదివే మనిషికి చేతులు ఆడవు కదా. వినేవాళ్ళే తలా ఒక దోసెడు కాయలు ఆమె బుట్టలో వేసేవాళ్ళు. సాయంత్రానికి ఆమె బుట్ట కూడా అందరి బుట్టల్లాగే నిండి ఉండేది. ఎవరో పెట్టిన నియమం కాదు. ఎవరూ తప్పిందీ లేదు.

ఆమె చదివేది అంత్యకాలం నవల. ఒంగోలు వైపు ఒక పాస్టరు గారు ఇరవై ఏళ్ళకు పైగా భాగాలు భాగాలుగా రాసుకొచ్చారు. పదకొండు భాగాలు. ఒక మధ్యాహ్నం, నమ్మినవాళ్ళంతా ఉన్నపళంగా ఆకాశానికి ఎత్తబడతారు. మిగిలినవాళ్ళు శ్రమల కాలంలో పడి, నుదుటి మీద క్రీస్తు విరోధి ముద్ర వేయించుకోవాలా, ఆకలితో చావాలా అని నలుగుతారు. అందులో ఒక నర్సు ఎత్తబడుతుంది. వేరే మతం మనిషి కాబట్టి ఆమె పొరుగింటామె ఉండిపోతుంది. నర్సు ఇల్లు ఊడుస్తూ, నర్సు గేదెకు కుడితి పెడుతూ. ఆ పొరుగామెకు పాస్టరు గారు పేరు కూడా పెట్టలేదు.

కాయల ఘాటుకు పది వాక్యాలకొకసారి మా అత్తకు దగ్గు తెర వచ్చేది. "ఆగండమ్మా, సాతాను ముక్కులో దూరాడు" అని కళ్ళజోడు తీసి, తడిగుడ్డతో మొహం తుడుచుకుని, మళ్ళీ మొదలెట్టేది. పేజీ ఎప్పుడూ ఎడమచేతి చిటికెనవేలితోనే తిప్పేది. ఆ ఒక్క వేలూ కాయకు తగలకుండా దాచుకునేది.

చిన్నప్పుడు సెలవుల్లో నేనూ అక్కడే కూర్చుని వేరే పుస్తకాలు చాలా విన్నాను. ఈ నవల వచ్చేసరికి నాకు పెళ్ళయింది, దేవుడూ పోయాడు. అయినా వెళ్ళినప్పుడల్లా వినేదాన్ని. కథ కోసం కాదు, వినేవాళ్ళ కోసం.

"పొయ్యి మీద ఎసరు పెట్టి ఎత్తబడితే ఎట్టా?" అని ఒకామె అడిగింది ఒకసారి.

"పొంగుద్ది, ఆరుద్ది. నువ్వు పైనుంటావుగా, నీకెందుకు?"

"పైనుంటదో లేదో ముందు అది తేలనీ."

"మా ఆయన ఎత్తబడితే మాత్రం నేను రాను తల్లీ. ఇక్కడే హాయిగా ఉంటా."

అందరూ నవ్వుతుంటే మస్తాన్‌బీ అంది, "అయితే నేను ఉండిపోతానన్నమాట."

మస్తాన్‌బీ మా అత్త పక్కన ముప్పై ఏళ్ళు కూర్చున్న మనిషి. ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. మా అత్త కళ్ళజోడు పైనుంచి చూసి, "చదవనీ వదినా, ఇంకా మొదటి భాగమేగా" అంది.

"నా జన్నత్ నాకుందిలే. నీ సంగతి చెప్పు. పైకి పోయాక నీ పక్కన కూర్చునేది ఎవరు? ఆ మూడో వరసలో దానితో నీకు ఒక్క పూట పడదు."

మూడో వరసలోంచి ఒక తాలుకాయ వచ్చి మస్తాన్‌బీ ఒళ్ళో పడింది. మా అత్త మాత్రం నవ్వలేదు. ఆ మాట ఆమెలో దిగబడిపోయిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

ఆమె నమ్మకం నమ్మకమే. దాని గురించి నేను తేలిగ్గా మాట్లాడను. ఆ రోజు నిజంగా వస్తుందనే అనుకునేది. నాకు ముందుగానే పనులు అప్పగించి ఉంచింది. "నువ్వు ఎట్టాగూ ఇక్కడే ఉంటావు కదే. కళ్ళంలో కాయలుండగా వానొస్తే పట్టా కప్పు. పట్టా అటక మీద ఉంది." నేను వాదానికి దిగితే, "కోపం వస్తే రాసుకో. కాకపోతే తిన్నాక రాయి" అనేది. ఇప్పటికీ తినకుండా రాసిన వ్యాసాలకే నాకు ఎక్కువ తిట్లు వస్తాయి.

ఆ పుస్తకాల వెనక నాలుగు పేజీలు పాఠకుల ఉత్తరాలు ఉండేవి. పిడుగురాళ్ళ సున్నం బట్టీలో పనిచేసే ఒకాయన, మా దగ్గర పొగ చూస్తే ఆ రోజు వచ్చేసిందేమో అనిపిస్తుందని రాశాడు. ఒక బ్యాంకు ఉద్యోగి క్రీస్తు విరోధి ఎవరో పేరు లెక్కగట్టి పంపాడు. ఇంకొకావిడ శ్రమలు ఇంకాస్త గట్టిగా వర్ణించమని కోరింది. ఆరో భాగంలో పొరుగామె ప్రాణం మీదికి వచ్చినప్పుడు మా అత్త కూడా ఉత్తరం రాసింది. నర్సు గేదెకు ఇన్నాళ్ళు కుడితి పెట్టిన మనిషిని దయచేసి చంపవద్దని. ఏడో భాగం వెనక దానికి జవాబు అచ్చయింది. దేవుని వాక్యంలో లేని కనికరం కథలో చూపలేము సోదరీ అని.

నేను ఆ జవాబు పట్టుకునే వ్యాసం రాశాను. ఏడు భాగాలూ నాలుగు రోజుల్లో చదివి, అయిదో రోజు రాశాను. ఏడో భాగం మూడో అధ్యాయంలో ఆ పొరుగామె నీళ్ళ కోసం వరసలో నిలబడి తొక్కిసలాటలో చచ్చిపోతుంది. ఎనిమిది లైన్లు. పొరుగు మతం మనిషిని ఎనిమిది లైన్లలో తొక్కించేసే కథను పేదల చేతుల్లో పెట్టి చేసుకునే వ్యాపారం ఇది అని రాశాను. ఆ మాట మీద ఇవాళ్టికీ నిలబడతాను. కానీ చివర్న ఇంకో మాట చేర్చాను. మిరప ఘాటు చాలనట్టు ఈ ఆడవాళ్ళు భయాన్ని కూడా పీలుస్తున్నారని.

మా బావ ఆ పత్రిక ఇంటికి తెచ్చాడు. మా అత్త దాన్ని కూడా షెడ్డుకు తీసుకుపోయి, అక్షరం వదలకుండా చదివి వినిపించింది. నెల తర్వాత నేను వెళ్ళేసరికి అందరూ కాచుకుని ఉన్నారు.

"రావే పేపరు మేడం. పుస్తకం చదవకుండానే రాస్తారా మీ ఊళ్ళో?"

"చదివాను. ఏడూ చదివాను."

"చదివితే పొరుగామె చచ్చిపోయిందని ఎట్టా రాశావు? తొక్కిసలాటలో చెయ్యి విరిగింది. అంతే."

"ఎడమచెయ్యి" అంది మస్తాన్‌బీ. "మొన్నొచ్చిన ఎనిమిదో భాగంలో కట్టుతోనే గేదెను తోలుకుని కొండెక్కింది. వీళ్ళ అత్తే కదా చదివింది. ఈమెకు తెలియకపోతే నన్నడగొచ్చుగా."

నేను మా అత్త వైపు చూశాను. పుస్తకం ఒళ్ళో ఉండగా ఆమె తొడిమలు తీయడం నేను చూడటం అదే మొదటిసారి. తల ఎత్తలేదు. పాఠకులు గోల చేస్తే రచయితలు చచ్చినవాళ్ళను లేపడం మామూలే, ఎనిమిదో భాగంలో ఆయన కూడా ఆ పనే చేసి ఉంటాడనుకున్నాను. తెచ్చుకుని చూడలేదు. పొరపాటు రాశానని ఒప్పుకున్నాను. నేను తప్పు ఒప్పుకోవడం ఎంత అరుదో మీకు తెలుసు, షెడ్డుకు తెలియదు. వాళ్ళు దాన్ని పట్టించుకోలేదు.

ఇంటికి నడుస్తుంటే మా అత్త అంది, "నువ్వూ ఆయనా ఒకటేనే. ఆయన భయపడండి అంటాడు. నువ్వు భయపడుతున్నారు అంటావు. మేమేమనుకుంటున్నామో ఇద్దరిలో ఒక్కరూ అడగరు."

పోయిన ఏడాది దసరా సెలవుల్లో వెళ్ళినప్పుడు ఇంకో మాట అడిగింది. అప్పటికి చూపు మందగించింది. "పుస్తకంలో లేనిది పుస్తకం పట్టుకుని చదివితే పాపమా? ఒక్క మాట కలిపినా ఊరుకోనని బైబిలు ఆఖర్న దేవుడు రాయించాడు కదా" అంది. అది తన చర్చి పాస్టరును అడగలేని ప్రశ్న. ఆ సంగతి కూడా నాకు తట్టలేదు. ఏ పుస్తకమైనా మనుషులు రాసిందేననీ, కలపడాలూ తీసెయ్యడాలూ చరిత్ర పొడుగునా జరిగినవేననీ అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఓపిగ్గా వింది. "నీ దగ్గర పాపం అనే మాటే లేదు, నిన్నడగటం నాదే పొరపాటు. లే, అన్నం తిను" అంది. ఎందుకు అడిగావత్తా అని నేను అనలేదు. జవాబులు చెప్పే అలవాటు ముదిరితే ఇలాంటివే జరుగుతాయి.

మూడో రోజు ఆదరణ కూటం పెట్టారు. వాళ్ళ చర్చి పాస్టరు ప్రార్థన చేసి, భోజనాలయ్యాక వెళ్ళిపోయాడు. షెడ్డు ఆడవాళ్ళు మాత్రం కదల్లేదు. ఇంటి ముందు టెంటు నీడలో అలాగే కూర్చున్నారు. మస్తాన్‌బీ లోపలికి వెళ్ళి పదకొండో భాగం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈ చలికాలమే వచ్చిన ఆఖరి భాగం. సగంలో ఒక జడపిన్ను గుచ్చి ఉంది.

"ఇక్కడ ఆగింది. మిగతాది నువ్వు చదువు."

"నేనా?"

"చదువొచ్చింది నీకేగా ఇక్కడ."

చదవడం మొదలెట్టాను. పరలోక పట్టణం దిగివస్తోంది. వీధులు బంగారం, గుమ్మాలు ముత్యం. నర్సు తెల్లబట్టల్లో లోపల నిలబడి ఉంది. ఒక పేజీ అయింది, రెండు అయ్యాయి.

"ఆమె ఏది?" అంది మస్తాన్‌బీ.

"ఎవరు?"

"ఎవరంటావేంటి. పొరుగామె."

పేజీలు ముందుకు తిప్పాను. లేదు. వెనక్కి తిప్పాను. లేదు. కానీ అక్కడక్కడా అంచున చిన్న పెన్సిలు చుక్క కనపడింది. బావను పాత భాగాలు తెమ్మన్నాను. ఏడో భాగం మూడో అధ్యాయం తీశాను. నేను చదివిన ఎనిమిది లైన్లు అక్కడే ఉన్నాయి. ఆమె చచ్చిపోయింది, పూడ్చిపెట్టారు. ఆ లైన్ల పక్కన మొదటి చుక్క. ఎనిమిదిలో, తొమ్మిదిలో, పదిలో ఆ మనిషి ఊసే లేదు. చుక్కలు మాత్రం ఉన్నాయి. కొండా, కొండెక్కిన గేదే, చేతికట్టూ అచ్చులో ఎక్కడా లేవు. చుక్క వచ్చిన చోటల్లా మా అత్త పుస్తకం మీద చూపు అలాగే ఉంచి, తన మనిషిని బతికించుకుంటూ పోయింది. ఒక్క మాట కలిపినా ఊరుకోనన్న దేవుణ్ణి అంత నమ్మిన మనిషి, ఇన్నేళ్ళూ ఆ భయం ఒళ్ళో పెట్టుకుని చదివింది. పిన్ను గుచ్చిన పేజీ తర్వాత చుక్కలు లేవు.

భయం పీలుస్తున్నారని రాసిన నా వాక్యాన్ని ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను.

"దొరికిందా?" అంది మస్తాన్‌బీ. ఆమెకు చదువు రాదు. ఆమెకు తెలుసో తెలియదో నేను అడగలేదు, అడగను. "చివరికి ఆమె ఏమైందో తెలియాలి. ఆ నర్సు ఒక్కతే అంత పెద్ద ఊళ్ళో ఏం చేస్తది?"

నలభైమంది నా మొహంలోకి చూస్తున్నారు. ఉన్నది ఉన్నట్టే చెప్పాలని ఈ పేజీలో ఇన్నేళ్ళుగా మీతో పోట్లాడుతున్నదాన్ని. ఆ పట్టణమూ నమ్మను, ఆ గుమ్మాలూ నమ్మను. పుస్తకం కళ్ళకు దగ్గరగా పట్టుకుని చదివాను.

"అప్పుడు దుమ్ము కొట్టుకున్న కాళ్ళతో పొరుగామె వచ్చింది."

"గేదె?" అంది వెనక నుంచి ఒకామె.

"గేదె కూడా. నర్సు ఆమెను దూరం నుంచే చూసింది. రా రా అని పిలిచింది. ఆమె గుమ్మం దగ్గర ఆగింది."

"ఎందుకు ఆగింది?" అంది మస్తాన్‌బీ.

అచ్చులో వెతుకుతున్నట్టు వేలు పెట్టి చూస్తున్నాను. మూడో వరసావిడ విసుక్కుంది. "బంగారపు వీధి కదా, చెప్పులు విప్పుతూ ఉంటదిలే. చదువు."

"చెప్పులు విప్పింది" అని చదివాను. "అక్కడ అప్పటికే ఒక జత విడిచి ఉంది. ఆమె తనవి దాని పక్కనే విడిచి లోపలికి వెళ్ళింది."