కల్లు సీసా, మామిడి సీసా

సార్ పోయారన్న వార్త నాకు ఈగల సంగతితో కలిసి వచ్చింది. సెలవులకు సిరిసిల్లలో మా ఇంట్లో ఉన్నాను. కోరుట్ల నుంచి సార్ వాళ్ల అక్క ఫోన్ చేసింది. "బిడ్డా, తమ్ముడు పొద్దుగాల పోయిండు. చాయ తాగుకుంట గోడకు ఒరిగిండు, గంతే," అంది. మళ్లీ తనే, "గా ఈగలకు రేపు తిండి మార్చాలె గద. నువ్వొస్తవా?" అంది.

ఏ మాటకు ఏడవాలో, ఏ మాటకు జవాబు చెప్పాలో తెలియలేదు. "వస్తున్న అవ్వా," అన్నాను.

నేను కోరుట్లలో డిగ్రీ చదువుతున్నాను. వాళ్లింట్లో మేడ మీది గది కిరాయికి తీసుకున్నాను. కింద సార్, ఆయన అక్క ఇద్దరే ఉండేవారు; ఆమెను నేను అవ్వ అనేదాన్ని. సార్ హైదరాబాదులో చాలా ఏళ్లు జన్యుశాస్త్రం చెప్పి, పరిశోధన చేసి, రిటైరయ్యాక అక్క దగ్గరికి వచ్చారు. వస్తూ రెండు రకాల ఈగలను వెంట తెచ్చుకున్నారు. పండిన అరటిపండు చుట్టూ ముసిరే సన్న ఈగలు అవి. గాజు సీసాల్లో, దూది మూతల కింద, వంటింటి పక్క అలమారలో ఉండేవి.

సార్ పుట్టింది బుగ్గారంలో. వాళ్ల నాయన తాళ్లెక్కి కల్లు గీసేవారు. చెట్టు నుంచి దించిన కల్లు కుండలో, అంటే లొట్టిలో, ఈగలు పడి ఉంటాయి కదా, చిన్నప్పుడు సార్ పని వాటిని తీసి పారేయడమట. "అన్ని సావకపోయేటియి. కొన్ని ఒడ్డుకచ్చి, రెక్కలు దులుపుకొని, మళ్ల గా లొట్టిలకే పోయేటియి. గవి తాగుబోతులా, గట్టియా అని మా నాయినను అడిగిన," అని చెప్పేవారు. "ఏమన్నరు సార్?" అంటే, "ముందుగాల నువ్వు లొట్టి కడుగుమన్నడు," అని నవ్వేవారు.

ఆయన పరిశోధనంతా ఆ ప్రశ్నే. బుగ్గారం లొట్టిల నుంచి పట్టిన ఈగలు ఒక వంశం, జగిత్యాల మామిడి మార్కెట్లో పట్టినవి ఇంకొకటి. స్పిరిట్ తడిపిన దూదిని గొట్టంలో పెట్టి ఈగలను వదిలితే మామిడివి తొందరగా పడిపోయేవి, కల్లువి చాలాసేపు నిలబడేవి. కల్లు మీద బతికి బతికి, తట్టుకోగలిగినవే పిల్లల్ని కనడంతో ఆ బలం వంశంలో నిలిచిపోయింది. ఏ జన్యువులో ఏ చిన్న మార్పు వల్ల నిలిచిందో ఆయన వెతికారు. ఒకసారి నేను పరిణామం అంటే అభివృద్ధి అని రాసి చూపిస్తే, ఆ మాట కింద గీత గీసి, "మారుడు వేరు, మంచిగవుడు వేరు," అన్నారు. ఒక మాటకు అంత కచ్చితమైన హద్దు ఉంటుందని నాకు తెలిసింది అప్పుడే.

ఇంట్లో మక్కపిండి, బెల్లం ఉడికించి సీసాల్లో పోసేవారు. పాత సీసాలోంచి పిల్ల ఈగలను కొత్త సీసాలోకి మార్చేవారు. మూత తీసి ఒకసారి వాసన చూసేవారు, అన్నం పులిసిందో లేదో చూసినట్టు. అక్క మాత్రం "పెండ్లి జేసుకొమ్మంటే ఈగలను జేసుకున్నడు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

పోయినేడు ఒక వింత జరిగింది. కల్లు వంశం ఈగలు స్పిరిట్ గొట్టంలో మామిడి వాటంత తొందరగా పడిపోసాగాయి. సార్ మళ్లీ మళ్లీ చూశారు. "ఇన్నేండ్లు బెల్లం తిండి తిని కల్లును మర్చిపోయినయే," అన్నారు. బలం సంపాదించుకోవడం అందరూ చూస్తారు, పోగొట్టుకోవడం కళ్లముందు చూడటం అరుదట. వ్యాసం రాసి ఒక పత్రికకు పంపారు. అది అచ్చు కాబోతోందని తెలిసిన వారంలోనే ఒక రాత్రి భోజనానికి నన్ను కిందికి పిలిచారు.

అవ్వ పెరుగు వేస్తూ, తోడు పాడైతే పక్కింటి నుంచి తెచ్చానని చెప్పింది. చెప్పి, "నీ ఈగలకు గూడ గట్లనే జేసిన గద తమ్మీ, నువ్వు కండ్ల ఆపరేషన్‌కు పోయినప్పుడు," అంది.

సార్ చెయ్యి కంచంలోనే ఆగింది. "ఏ సీస అక్కా?"

"కల్లు సీస. బూజు పట్టి మస్తు సచ్చినయి. మామిడి దాంట్లకెల్లి సగం తోడు పోసిన. లేకుంటే ఖాళీ అయితుండె."

సార్ మళ్లీ అన్నం కలుపుకున్నారు. "మంచిగ జేసినవక్కా," అన్నారు. పెరుగన్నం మొత్తం తిన్నారు.

మర్నాడు వ్యాసం వెనక్కి తీసుకున్నారు. హైదరాబాదులో ఉన్న తన పాత విద్యార్థికి ఫోన్‌లో, "నా దగ్గర రెండు వంశాలు కలిసిపోయినయి," అని మాత్రమే చెప్పారు. పక్కనే ఉన్న నాకు మనసు ఊరుకోలేదు. "సార్, మీరే కలిపిన్రనుకుంటరు," అన్నాను. "నా ఇంట్ల జరిగింది నేను జేసినట్టే. అక్కకు చెప్పకు," అన్నారు. సీసాలకు తిండి మార్చడం మాత్రం ఆపలేదు. ఇంకెందుకని అడిగితే, "ఇప్పుడివి ఏందియో నాకు తెల్వది. తెల్వనిదాన్ని పారేస్తమా?" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైందని కూడా చెప్పలేను.

దినాల రోజున ఆ పాత విద్యార్థి వచ్చాడు. ఇప్పుడాయన కూడా పెద్ద ప్రొఫెసర్. ఫొటోకు దండం పెట్టి, అలమార ముందు నిలబడి బాధగా అన్నాడు: "చివరికి సార్‌కు చూపు ఆనలేదు, చేతులు వణికాయి. లేకపోతే ఈ పొరపాటు చేసే మనిషి కాదు." సీసాలు తీసుకుపోతారా అని అవ్వ అడిగితే, "కలిసిపోయాక పనికిరావమ్మా," అన్నాడు.

నేను గడపలో నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే అవ్వ మనసు విరుగుతుంది. తెరవకపోతే సార్ పేరు మీద ఆ మాట అలాగే ఉండిపోతుంది. సార్ వద్దన్నారు. కానీ తన మీద ఇంత జాలి పడతారని సార్‌కు తెలుసా? చాయ కప్పులు ఏరుకుని లోపలికి పోయాను.

అందరూ వెళ్లాక అవ్వ నన్ను పక్కన కూచోబెట్టుకుంది. "మా తమ్మునికి సూది బెజ్జంల దారం ఎక్కిచ్చే చేతులుండె. వణికినయంటడేంది ఆయన? కలిసినయంటే ఏంది బిడ్డా?"

చెప్పాను. తోడు సంగతి, గొట్టంలో పడిపోయిన ఈగల సంగతి, వెనక్కి తీసుకున్న వ్యాసం సంగతి. అవ్వ ఏడవలేదు. కొంగుతో మోకాలు రుద్దుకుంటూ కూచుంది.

"మంచిగ జేసినవన్నడు గద నన్ను," అంది చివరికి.

"అన్నరు అవ్వా."

"అబద్ధమాడిండు." కొంగు నడుముకు దోపుకొని, "గా ప్రొఫెసర్‌కు ఫోన్ చెయ్యి. నేనే కలిపిన్నని చెప్పు. నువ్వు ఏందేందో రాస్తుంటవు గద, గదాంట్ల గూడ రాయి. నా పరువు పోతే పాయె, వాని చేతులు వణకలే."

ఫోన్ చేశాను. అవ్వ అన్నది అన్నట్టే చెప్పాను. ఇప్పుడు ఇది రాస్తున్నాను. సార్ ఒక మాట మీదే నన్ను నమ్మారు, ఆ మాట నేను దాటాను. దాటకపోతే ఆయన అక్క మాట దాటినదాన్ని అయ్యేదాన్ని. ఇద్దరిలో ఎవరు నన్ను క్షమించాలో నాకు తెలియడం లేదు.

సీసాలు నన్నే తీసుకుపొమ్మంది అవ్వ. మా నాయనకు ఫోన్‌లో చెబితే, బట్ట నేసే సాంచెల చప్పుడులోంచే, "ఇంట్లకు ఈగలు బస్సెక్కి రావాల్నానె? నడిచి వచ్చేటియి సాలవా?" అన్నాడు. కోరుట్లలో సిరిసిల్ల బస్సు ఎక్కి కిటికీ పక్కన కూచున్నాను. రెండు సీసాలు ఒళ్లో ఉన్నాయి. కథలాపూర్ దాటాక ఎండ నా వైపుకు వచ్చింది. ఈగలన్నీ కిటికీ వైపు గాజుకు చేరి, వెలుతురు మీద పాకసాగాయి. బస్సు మలుపు తిరిగింది, ఎండ అటు పక్కకు పోయింది. రెండు సీసాల్లోనూ ఈగలు ఒక్కసారే లేచి, అటు పక్క గాజుకు చేరాయి.