పురిటికొచ్చిన తాబేలు

సునామీ తర్వాత తాబేళ్లు మళ్లీ గుడ్లు పెడుతున్నాయో లేదో చూడటానికి లిటిల్ అండమాన్ వెళ్లాను. వారం తిరిగినా, కోసుకుపోయిన ఆ తీరంలో ఒక్క జాడా లేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే, నన్ను పడవలో తిప్పుతున్న సిక్కోలు మత్స్యకారుడు అప్పన్న కేకేశాడు.

"సార్, జల్దీ రండి!"

ఇసుక మీద ట్రాక్టర్ నడిచినంత వెడల్పు జాడ, దాని చివర గుడ్లు కప్పిపెట్టిన గుంత. హమ్మయ్య అనుకుని, కొలవడానికి టేపు తీశాను. అప్పన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండి సార్. పుట్టింటికి పురిటికొచ్చింది కదా."

చెప్పులు విడిచి ఇసుకకు దణ్ణం పెట్టాడు. నేనూ విడిచాను.

దీవి రేవు హట్‌బే చేరగానే భార్యకు ఫోన్ చేశాడు. సునామీ నాటి నుంచి ఆమె ఈ ఒడ్డుకు రానని, సముద్రం దాటి అవతలి దీవిలోని షాదీపూర్‌లోనే ఉండిపోయింది.

"తాబేలొచ్చీసిందే. ఇంక నువ్వూ వచ్చీ."

చాలాసేపు విని, నవ్వుతూ నా వైపు తిరిగాడు.

"షిప్పు టికెట్ తియ్యమంటంది సార్."