తువ్వాలులో ఆగిన నీళ్లు

మా సైన్సు సారు పోయారని నిన్న పొద్దున సూర్యాపేట నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. మిర్యాలగూడ నుంచి నేనూ, అటునుంచి అదీ కోదాడలో ఆయన ఇంటికి చేరుకున్నాం.

ఎనభైల్లో ఆయన మిర్యాలగూడలో నాకు ఎనిమిదో తరగతి పాఠాలు చెప్పారు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా అందరికంటే ముందు తెరిచి, అందరికంటే చివర మూసేవారు. ముద్దను అంతసేపు నమిలేవారు మరి. "మింగితే తిన్నట్టు కాదు, పేగు పీల్చుకుంటేనే తిన్నట్టు" అనేవారు. నేను ఆయన నమలడాన్ని అచ్చంగా చేసి చూపి బెంచీలన్నిటినీ నవ్వించేదాన్ని.

చిన్నపేగు పాఠం రోజు ఇరవై అడుగుల తాడు తెచ్చి, ఇంత పొడుగుదీ మన పొట్టలో మడతలు పడి ఉంటుందన్నారు. తన టర్కీ తువ్వాలు మీది పోగులు చూపించి, పేగు లోపల కూడా ఇలాంటివే ఉంటాయని, అరిగిన అన్నం సారం వాటిగుండానే రక్తంలోకి పోతుందని చెప్పారు.

ఆ ఎండాకాలమే మూడేళ్ల మా చెల్లెలికి విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లు తాగిస్తే ఇంకా ఎక్కువవుతాయని నాయనమ్మ చెంబు దాచేసింది. మా వాడలో అందరూ అంతే. మర్నాటికి దాని కళ్లు లోపలికి పోయాయి. ఏడిస్తే కన్నీళ్లు రాలేదు. భయమేసి సారు ఇంటికి పరుగెత్తాను.

ఆయన వచ్చి, దవాఖానకు పోదాం, ఈలోపు ఉప్పు వేసిన పల్చటి గంజి పట్టమన్నారు.

"పోస్తే ఇంకింత పోతది సారూ. ఆగిందాక ఏం పొయ్యొద్దు" అంది నాయనమ్మ.

ఆయన వాదించలేదు. భుజం మీది తువ్వాలు నాకిచ్చి పట్టుకోమని, దాని మీద చెంబెడు నీళ్లు పోశారు. చాలావరకు కారిపోయాయి. కారడం ఆగాక తువ్వాలును ఖాళీ చెంబులోకి పిండారు.

"కారింది కనబడుతుంది పెద్దమ్మా, ఆగింది కనబడదు. పేగూ అంతే. గంజి అక్కడ చక్కెరై, ఉప్పుతో కలిసి నీళ్లను లోపలికి లాక్కుంటుంది."

నాయనమ్మ వంగి చెంబులో చేరిన నీళ్లు చూసింది. "చెంచా తే బిడ్డా" అంది.

దారి పొడుగునా చెంచా చెంచా పడుతూనే దవాఖానకు పోయాం. సాయంత్రం చెల్లెలు ఏడ్చింది, చెంపలు తడిసేలా. ఆ ఏడుపు చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం.

ఆయన్ను వెక్కిరించినందుకు ఎప్పుడూ తప్పు ఒప్పుకోలేదు నేను. అది తెలిసినా ఆయన నవ్వేసేవారనుకుంటాను.

నిన్న అన్నీ అయ్యాక వాకిట్లో నిలబడ్డాం. దండెం మీద ఆయన తువ్వాలు ఆరుతోంది. సారు కోడలు నీళ్లు తెచ్చింది. ఆనాటిదేదీ గుర్తులేని చెల్లెలు చెంబెత్తి గటగటా తాగేసి, ఇంకో చెంబు అడిగింది.